జెద్దా 4,600 కిలోమీటర్లే.. మరి రాంబిల్లి గడప నుంచి ఎన్ని గంటలు?

రంజాన్ దగ్గర పడుతోంది. ఉమ్రాకు వెళ్లాలనుకునే ఇళ్లలో ఇప్పుడు రోజూ ఒకటే మాట: టికెట్ ఎంత, ఎన్ని గంటలు, ఎక్కడ దిగి ఎక్కాలి. ఫోన్‌లో విశాఖపట్నం, జెద్దా అని కొడితే ఒక అంకె వస్తుంది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం దాదాపు 4,600 కిలోమీటర్లు, ప్రయాణం ఆరు గంటల పైచిలుకు. చూసినవాళ్లు "ఇంతేనా, హైదరాబాద్ రైలు కన్నా తక్కువే కదా" అనుకుంటారు.

ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది విమానం లెక్క, మన ఇంటి లెక్క కాదు. అనకాపల్లి జిల్లాలో సముద్రం పక్కనున్న రాంబిల్లి నుంచో, ఎలమంచిలి నుంచో, అచ్యుతాపురం నుంచో బయల్దేరే కుటుంబానికి ప్రయాణం ఇంటి గడప దగ్గర మొదలై, మక్కాలో హోటల్ గది తాళం చేతికొచ్చాక ముగుస్తుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడాలోనే మన డబ్బు, మన పెద్దవాళ్ల ఓపిక, ఒక్కోసారి ఆఖరి చూపు కూడా పోతున్నాయి. భోగాపురం కొత్త విమానాశ్రయం తెరుచుకోబోతున్న ఈ సమయంలో ఆ లెక్క ఒకసారి సరిగ్గా వేసుకోవడం అవసరం.

మ్యాప్ చెప్పే దూరం

ముందు ఆకాశం లెక్క చూద్దాం. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారిని ఆ వంపు మీదే కొలుస్తారు. అలా చూస్తే విశాఖ నుంచి జెద్దా సుమారు 4,600 కి.మీ., కువైట్ 3,800, అబుదాబి 3,050, దుబాయ్ 3,000 కి.మీ. తూర్పు వైపు సింగపూర్ 2,900 కి.మీ. అంటే మన తీరం నుంచి దుబాయ్, సింగపూర్ దాదాపు సమాన దూరంలోనే ఉన్నాయి. కానీ సింగపూర్‌కు విశాఖ నుంచి నేరు విమానం ఏళ్ల తరబడి ఉంది. గల్ఫ్‌కు మాత్రం మనవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ మీదుగానే తిరిగారు. అబుదాబికి ఇండిగో నేరు విమానం మొదలైంది 2025 జూన్‌లోనే. జెద్దాకు ఇప్పటికీ మారి వెళ్లాల్సిందే.

శంషాబాద్ నుంచి జెద్దా సుమారు 4,130 కి.మీ. గన్నవరం నుంచి సుమారు 4,400. విశాఖకూ శంషాబాద్‌కూ తేడా ఐదు వందల కిలోమీటర్ల లోపే. విమానానికి అది ముప్పావు గంట పని. ఈ ముప్పావు గంట దూరాన్ని దాటడానికి మనకు ఎంత పడుతుందో ముందు ముందు చూద్దాం.

విమానం వేగం కూడా వెళ్లేటప్పుడు ఒకలా, వచ్చేటప్పుడు ఒకలా ఉంటుంది. పైన ఎత్తులో గాలులు, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలి తోడు. అందుకే హైదరాబాద్ నుంచి జెద్దా ఆరు గంటలకు దగ్గరగా పడితే, తిరుగు ప్రయాణం దానికన్నా కాస్త తక్కువలో అయిపోతుంది.

గడియారం చేసే మోసం

టికెట్ మీద "ఉదయం 10 గంటలకు బయల్దేరి మధ్యాహ్నం 1.30కి చేరును" అని ఉంటే మూడున్నర గంటలే అనుకోకండి. సౌదీ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అది అసలు ఆరు గంటల ప్రయాణం. అదే తిరుగు టికెట్‌లో సాయంత్రం 6కి ఎక్కి రాత్రి 2కి దిగినట్టు ఉంటే ఎనిమిది గంటలు అని భయపడొద్దు, అది ఐదున్నరే. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ తేడాను ముందే కాగితం మీద రాసి పెట్టండి. మందు వేళలు టికెట్ మీది టైం చూసి కాకుండా, గడిచిన గంటలు చూసి, డాక్టర్‌ను అడిగి మార్చుకోవాలి.

రోజాతో ప్రయాణం చేసేవాళ్లకు ఇంకో సంగతి. గడియారం తేడా రెండున్నర గంటలే అయినా సూర్యుడి తేడా అంతకన్నా ఎక్కువ. విశాఖ 83 డిగ్రీల రేఖాంశం దగ్గర, జెద్దా 39 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 44 డిగ్రీలకు దాదాపు మూడు గంటలు. సెహ్రీ ఇక్కడ చేసి, పగటి విమానంలో పడమరకు వెళితే ఇఫ్తార్ అంత ఆలస్యం అవుతుంది. ప్రయాణికులకు ఉన్న సౌలభ్యం గురించి మీ మౌలానా గారిని ముందే అడిగి పెట్టుకోండి. కిటికీ బయట సూర్యుడు కనబడుతుంటే చేతి గడియారం చూసి తొందరపడే పరిస్థితి రాకూడదు. ఇహ్రామ్ కూడా అంతే. మీఖాత్ దాటేది విమానంలోనే, దిగడానికి కొద్దిసేపటి ముందు. మధ్యలో మారే విమానమైతే ఎక్కడ స్నానం, ఎక్కడ ఇహ్రామ్, ఎక్కడ నియ్యత్ అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి.

గడప నుంచి గది దాకా

ఇప్పుడు అసలు లెక్క. రాంబిల్లి నుంచి మక్కా హోటల్ దాకా, ఏ ఆలస్యమూ లేదనుకుని, మామూలుగా పట్టే సమయం వేద్దాం.

మొదటి దారి: విశాఖ విమానం, హైదరాబాద్‌లో మార్పు. ఇంటి నుంచి అచ్యుతాపురం, గాజువాక మీదుగా విమానాశ్రయానికి రెండు గంటలు. అక్కడ రెండు గంటలు ముందుండాలి. హైదరాబాద్‌కు గంటంపావు. అక్కడ దిగి మళ్లీ ఎక్కడానికి నాలుగు గంటలు. జెద్దాకు ఆరు గంటలు. అక్కడ ఇమిగ్రేషన్, సామాను రెండు గంటలు. మక్కాకు బస్సు రెండు గంటలు. మొత్తం 19 గంటల పైన. ఇందులో గాల్లో ఉన్నది ఏడుంపావు గంటలే. మిగతా పన్నెండు గంటలు నేల మీదే, అందులో ఎక్కువ భాగం కూర్చుని ఎదురుచూడటమే.

రెండో దారి: రైలు. ఎలమంచిలిలో గానీ అనకాపల్లిలో గానీ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేసి సికింద్రాబాద్‌లో దిగాలి. అక్కడి నుంచి శంషాబాద్, నాలుగు గంటల ముందు రిపోర్టింగ్, ఆపై పైన చెప్పినదే. మొత్తం 29 గంటల దాకా అవుతుంది. చౌకే. కానీ డెబ్బై ఏళ్ల మనిషికి ఇది చిన్న పని కాదు.

మూడో దారి: హజ్ విమానం గన్నవరం నుంచి ఉన్న ఏడాది. ఎలమంచిలి నుంచి విజయవాడ రైలులో ఐదు గంటలు, అక్కడి నుంచి నేరుగా జెద్దా. మొత్తం 21 గంటలు.

నాలుగో దారి ఇంకా లేదు, రావాలని కోరుకుంటున్నది: భోగాపురం నుంచి నేరుగా జెద్దా. రోడ్డు రెండున్నర గంటలు, రిపోర్టింగ్ మూడు, గాల్లో ఆరున్నర, అక్కడ నాలుగు. మొత్తం 16 గంటలు.

ఈ లెక్కలో ఒక సంగతి దాచకూడదు. నేరు విమానం వచ్చినా, కనెక్టింగ్ విమానంతో పోలిస్తే మిగిలేది మూడు గంటలే. మరి దేనికి అంత కోరిక? గంటల కోసం కన్నా, తెగిపోని ప్రయాణం కోసం. రెండు వేర్వేరు టికెట్లు కొన్నప్పుడు విశాఖ విమానం ఆలస్యమై జెద్దా విమానం వెళ్లిపోతే రెండో కంపెనీకి మన సంగతి పట్టదు. టికెట్ పోయినట్టే. హైదరాబాద్‌లో సామాను తీసుకుని, మళ్లీ లైన్‌లో నిలబడి, చదువు రాని నానీ చెయ్యి పట్టుకుని తిప్పే మనిషి కావాలి. నేరు విమానంలో ఈ భయం ఉండదు.

భోగాపురం: మనకు దూరం, విమానానికి అనుకూలం

ఇప్పుడున్న విశాఖ విమానాశ్రయం నేవీ స్థావరం, పేరు ఐఎన్ఎస్ డేగా. రాంబిల్లివాళ్లకు నేవీ అంటే కొత్తగా చెప్పాల్సిన పని లేదు, ఐఎన్ఎస్ వర్ష వస్తున్నది మన మండలం తీరంలోనే. డేగాలో పౌర విమానాలు నేవీ అవసరాలకు లోబడి నడవాలి. 2023 నవంబర్‌లో రన్‌వే మరమ్మతులు మొదలైనప్పుడు కొన్ని నెలలు రాత్రిపూట విమానాలు లేకుండా పోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. గల్ఫ్ విమానాలు ఎక్కువగా నడిచేది రాత్రి, తెల్లవారుజామునే. రాత్రి మీద హామీ లేని చోట ఏ కంపెనీ గల్ఫ్ విమానం పెట్టడానికి ముందుకొస్తుంది?

భోగాపురంలో జీఎంఆర్ కడుతున్న అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 3,800 మీటర్ల రన్‌వే ఉంది. విశాఖ రన్‌వే 3,050 మీటర్లు. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా విమానం అక్కడ ప్రయోగాత్మకంగా దిగింది. ఈ ఏడాది మధ్యలో ప్రారంభించాలన్నది లక్ష్యం, ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి మారతాయన్నది ప్రణాళిక.

శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు ఇది దగ్గరవుతుంది. మనకు మాత్రం దూరమవుతుంది. రాంబిల్లి నుంచి ఇప్పటి విమానాశ్రయం రోడ్డు మీద సుమారు 50 కి.మీ. అయితే భోగాపురం 110 కి.మీ. దాకా ఉంటుంది. విశాఖ సిటీలోంచి వెళ్తే గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ అన్నీ దాటాలి. దానికన్నా అనకాపల్లి వెళ్లి, సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం చేరే ఆరు వరుసల బైపాస్ పట్టుకోవడం మేలు. కిలోమీటర్లు తగ్గకపోయినా సిగ్నళ్లు తగ్గుతాయి. ఈ దారిలో మనకు చిక్కు అచ్యుతాపురం, అనకాపల్లి మధ్యే. సెజ్ షిఫ్టు మారే వేళ బస్సులు, లారీల మధ్య ఇరుక్కుంటే అరగంట దారి గంట దాటుతుంది. తెల్లవారుజామున విమానం ఉన్నవాళ్లు రాత్రే బయల్దేరడం మంచిది.

కిలోమీటర్లు కాదు, రేటు పెంచేది వేరే

"దూరం ఎక్కువ కాబట్టి రేటు ఎక్కువ" అని ఎవరైనా అంటే నమ్మకండి. 2023 హజ్ లెక్కే చూడండి. ఆ ఏడాది మొదటిసారి గన్నవరం నుంచి హజ్ విమానాలు నడిచాయి. యాత్ర ఖర్చు హైదరాబాద్ నుంచి 3,05,173 రూపాయలు, బెంగళూరు నుంచి 3,03,921, విజయవాడ నుంచి 3,88,580 రూపాయలు. హైదరాబాద్ కన్నా విజయవాడ 83 వేల పైన ఎక్కువ. గాల్లో దూరం తేడా మాత్రం 270 కి.మీ., ఇరవై నిమిషాలు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 1,813 మంది యాత్రికులకు తలా 80 వేల చొప్పున 14.51 కోట్లు ఇచ్చి ఆ భారం తీసుకుంది.

ఎందుకంత తేడా? హజ్ విమానాల బేరం ప్రతి ఎంబార్కేషన్ పాయింట్‌కూ విడిగా జరుగుతుంది. హజ్‌కు ముందు విమానం మనవాళ్లను దింపి ఖాళీగా తిరిగొస్తుంది, హజ్ తర్వాత ఖాళీగా వెళ్లి మనవాళ్లను తెస్తుంది. ఆ ఖాళీ తిరుగుడు ఖర్చు కూడా టికెట్‌లోనే ఉంటుంది. యాత్రికులు తక్కువగా ఉన్న చోట ఆ ఖర్చు తక్కువ తలల మీద పడుతుంది. పోటీ పడే కంపెనీలు కూడా తక్కువే ఉంటాయి. రేటు ఎక్కువని జనం హైదరాబాద్ రాసుకుంటారు, జనం తగ్గారని రేటు ఇంకా పెరుగుతుంది.

కేరళలోనూ ఇదే జరిగింది. 2024 హజ్‌కు కొచ్చి నుంచి విమాన టికెట్ సుమారు 86 వేలైతే కాలికట్ నుంచి మొదట సుమారు లక్షా 65 వేలు అన్నారు. రెండూ ఒకే రాష్ట్రం, అదే అరేబియా తీరం. 2020 ఆగస్టు ప్రమాదం తర్వాత కాలికట్ టేబుల్‌టాప్ రన్‌వే మీద పెద్ద విమానాలు లేవు, చిన్న విమానంలో తలసరి ఖర్చు ఎక్కువ. అక్కడి ప్రజాప్రతినిధులు, సంఘాలు గట్టిగా అడిగాక ఆ రేటు కొంత తగ్గింది. అడిగితే కదులుతుందని అది చూపించింది. రన్‌వే పొడవు మన జేబు సంగతి కూడా అని కూడా చూపించింది. భోగాపురం 3,800 మీటర్లు మనకు ముఖ్యం కావడం ఇందుకే.

కేంద్రం హజ్ సబ్సిడీ 2018లో ఆగిపోయింది. ఇప్పుడు ఖర్చు యాత్రికుడిదే, సాయం అంటే రాష్ట్రం ఇచ్చేదే. 2024 ఎన్నికల్లో హజ్ యాత్రికులకు లక్ష రూపాయల సాయం అన్న మాట కూటమి చెప్పింది. సాయం మంచిదే. కానీ ఏటా తేడా డబ్బు కట్టడం కన్నా, ఆ తేడానే లేకుండా చేయడం శాశ్వత పరిష్కారం. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల యాత్రికులు ఎందరో ఏటా లెక్క తీసి, ఉమ్రా ప్రయాణికులు, గల్ఫ్ కార్మికులు ఎందరో కూడా కలిపి చూపించాలి. ఖాళీ తిరుగుడు లేకుండా ఏడాది పొడవునా నిండే విమానం అని తెలిస్తేనే కంపెనీ వస్తుంది.

మరో అడ్డంకి ఢిల్లీలో ఉంది. ఏ దేశం విమానాలు వారానికి ఎన్ని సీట్లు నడపాలో రెండు ప్రభుత్వాల ఒప్పందం తేలుస్తుంది. దుబాయ్‌తో ఉన్న ఒప్పందంలో ఒక్కో వైపుకు వారానికి సుమారు 66 వేల సీట్లు. గల్ఫ్ కంపెనీలు మన దేశంలో ఏయే నగరాలకు రావచ్చో కూడా ఒప్పందాల్లోనే ఉంటుంది. కాబట్టి మన ఎంపీలను "విమానం తెప్పించండి" అని ఊరికే అడగడం కాదు, "ఒప్పందంలో భోగాపురం పేరు చేర్పించండి" అని అడగాలి.

గంటల విలువ తెలిసేది మయ్యత్ రోజు

ఉమ్రా ఒక నెల ముందు అనుకుని చేసే ప్రయాణం. అనుకోకుండా చేయాల్సిన ప్రయాణం ఇంకొకటి ఉంది. దమ్మామ్‌లో పని చేసే కొడుకుకు రాత్రి ఫోన్ వస్తుంది, అబ్బా పోయారని. దమ్మామ్ నుంచి హైదరాబాద్ 3,100 కి.మీ., నాలుగున్నర గంటలు. కానీ ముందు కంపెనీ ఒప్పుకోవాలి, ఎగ్జిట్ రీఎంట్రీ వీసా రావాలి, ఆ రోజు విమానంలో సీటు ఉండాలి, హైదరాబాద్‌లో మారాలి, విశాఖ నుంచి కారు పట్టుకోవాలి. తూర్పుకు వస్తున్నాడు కాబట్టి గడియారం కూడా అతని నుంచి రెండున్నర గంటలు లాక్కుంటుంది. జనాజా ఆలస్యం చేయకూడదన్నది మన పద్ధతి. జొహర్ తర్వాతో, అసర్ తర్వాతో దఫన్ అయిపోతుంది. చాలామంది కొడుకులు నేరుగా ఖబరస్తాన్‌కే వస్తారు, పచ్చి మట్టి మీద చెయ్యి పెట్టడానికి. ఆ కొడుకుకు మూడు గంటలు తగ్గడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

యుద్ధాలు వచ్చినప్పుడు ఈ లెక్క కూడా తప్పుతుంది. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం మూసేసినప్పుడు విమానాలు దారి మళ్లాయి, జనం విమానాశ్రయాల్లో ఇరుక్కుపోయారు. 2025 ఏప్రిల్ నుంచి మన విమానాలకు పాకిస్తాన్ ఆకాశం మూత పడింది. దక్షిణాది నుంచి సౌదీ దారి అరేబియా సముద్రం మీదుగా ఉంటుంది కాబట్టి మనకు దెబ్బ తక్కువే, ఢిల్లీ మీదుగా వెళ్లేవాళ్లకు ఎక్కువ. చౌక అని ఢిల్లీ మీదుగా టికెట్ కొనే ముందు ఇది ఆలోచించండి.

ఇప్పుడు చేయగలిగింది

రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్న టికెట్ అడగండి. వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా సరే. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి దానిలో పంపే బాధ్యత అప్పుడు కంపెనీదే. సామాను జెద్దా దాకా ట్యాగ్ చేస్తారా, హైదరాబాద్‌లో తీసుకోవాలా అన్నది కౌంటర్‌లోనే అడగండి. వేర్వేరు టికెట్లు తప్పదంటే మధ్యలో కనీసం ఐదారు గంటలు ఉంచండి. నడవలేని పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే రాయించండి. వేసవి తర్వాతి తేదీలకు టికెట్ కొన్నవాళ్లు బయల్దేరే రోజు ముందు విమానాశ్రయం పేరు మరోసారి చూసుకోండి. విశాఖ అనుకుని గాజువాక వెళ్లి, విమానం భోగాపురంలో ఉందని తెలిస్తే వెనక్కి తిరగడానికి టైం ఉండదు.

ముంబయి నుంచి జెద్దాకు హజ్ ఓడలు 1995 దాకా నడిచాయి. మన పెద్దవాళ్లు రైలెక్కి ముంబయి వెళ్లి, అక్కడి నుంచి రోజుల తరబడి సముద్రం మీద ప్రయాణం చేశారు. వాళ్లతో పోలిస్తే మన 19 గంటలు ఏమీ కాదు. కానీ ఆ 19లో పన్నెండు గంటలు నేల మీదే ఎందుకు పోతున్నాయని అడిగే హక్కు మనకు ఉంది. జెద్దా ఎప్పుడూ ఉన్న చోటే ఉంది. దగ్గర కావాల్సింది రోడ్డు, రన్‌వే, రేటు. ఈ మూడూ మనుషుల చేతిలో ఉన్నవే.